అత్త గొంతున్న సీడీ

ఈ మధ్య రాజాం నుంచి శ్రీకాకుళం వస్తున్న బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఊరు దాటాక రోడ్డు వారన ఒక మొక్కజొన్న చేను. చేనంతా కర్రలు పాతి, తాళ్ళు లాగి, ఆ తాళ్ళకి సీడీలు వేలాడగట్టారు. గాలికి అవి తిరుగుతుంటే ఎండ తళుక్కుతళుక్కుమంటోంది. నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి వంగి చూసి, "అయ్యేటి మేడమ్, అద్దాలా?" అంది. "సీడీలమ్మా, పిట్టలు బెదిరిపోవాలని కట్టారు" అన్నాను. "ఓ, సీడీలా! మా తాత సైకిలెనకాల ఒకటి అంటించుకున్నాడు, లైటు పడితే మెరుస్తాదని" అని చెప్పి మళ్ళీ ఫోనులో పడిపోయింది. నాకు నవ్వొచ్చింది. బస్సు ఇంకొంచెం దూరం వెళ్ళేసరికి ఆ నవ్వు ఉండలేదు. అలాంటి ఒక్క సీడీ కోసం మా సింహాచలం మావ కొన్ని నెలలపాటు పడిన పాట్లు, ఆ ఇంట్లో మేం ముగ్గురం బిక్కుబిక్కుమంటూ గడిపిన రోజులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

అప్పట్లో నేను నరసన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళి కాలేదు. మా ఊరినుంచి రోజూ వచ్చిపోవడం కష్టమని మా నారాయణమ్మత్త ఇంట్లోనే ఉండేదాన్ని. అత్త మా నాన్నకి అక్క. ఆవిడ భర్త సింహాచలం మావ. వాళ్ళకి ఒక్కతే కూతురు, పద్మ. దాన్ని రాజాం ఇచ్చారు. దాని పెళ్ళయ్యాక ఖాళీ అయిన గదిలోకి నేను చేరాను. మావది ఇత్తడి సామాన్లకి పాలిష్ పెట్టే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది. అందులో మోటారుకి బిగించిన గుడ్డ చక్రం, ఒక డ్రిల్లు మిషను, గోడకి వరసగా ఆకురాళ్ళు, పట్టకార్లు. గుళ్ళవాళ్ళు నల్లబడిన దీపపు కుందెలు, హారతి పళ్ళేలు, గంటలు తెచ్చిపడేసేవారు. పెళ్ళిళ్ళ రోజుల్లో సారె బిందెలు షెడ్డు బయట దాకా ఉండేవి. మావ చక్రం తిప్పి, దానికి మైనంలాంటి పాలిష్ కడ్డీ ఒకసారి ఆనించి, ఆ తర్వాత కుందెని ఆనిస్తే, మసిలోంచి బంగారం బయటికొచ్చినట్టు ఉండేది. వేడెక్కిన ఇత్తడి వాసన, నానబెట్టిన చింతపండు పులుపు, కిరసనాయిలు, ఆ మైనం, అన్నీ కలిసి ఒక వాసన. బడి నుంచి వచ్చి సందు మలుపు తిరగ్గానే ఆ వాసన తగిలితే ఇంటికొచ్చేశాను అనిపించేది.

వాసన కన్నా ముందు వినిపించేది మాత్రం అత్త గొంతు. మా తాత గుళ్ళో పాడేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న హారతి పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు అత్తకి ఎన్ని వచ్చో ఆవిడకే తెలీదు. నరసన్నపేటలో అత్త పాడకుండా పెళ్ళి జరిగితే ఆ పెళ్ళికి ఏదో లోటు జరిగిందనుకునేవారు. సాయంత్రం గుళ్ళో హారతి వేళకి ఆవిడ గొంతెత్తితే బజారు దాకా వినిపించేది. కానీ ఆ గొంతు ఎక్కువగా ఖర్చయ్యేది పాటల మీద కాదు. పొద్దున చోడంబలి గిన్నె దించిన దగ్గర్నుంచి షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. బియ్యంలో రాళ్ళేరుతూ, వంకాయలు తరుగుతూ, మోటారు రొదని మించిన గొంతుతో మావకి లోకం కబుర్లన్నీ చెప్పేది. ఎవరింట్లో గేదె ఈనింది, గుడి పూజారిగారి కోడలు ఎందుకు అలిగింది, రేపు వచ్చే పెళ్ళివారితో ఎంత గట్టిగా మాట్లాడాలి, అన్నీ. సామాను పుచ్చుకునేదీ, బేరమాడేదీ, ఇవ్వాల్సిన రోజు చెప్పేదీ కూడా ఆవిడే. మావ తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు.

"మీ మావ ఒకసారి ఊఁ అంటే యిన్నట్టు. ఎంటెంటనే రెండుసార్లు ఊఁ ఊఁ అన్నాడంటే నాను ఎర్రిదాన్నని అర్తం" అనేది అత్త నాతో. మావ అప్పుడు కూడా "ఊఁ" అనేవాడు.

పద్మ పెళ్ళి జరిగినప్పుడు మావ ముచ్చటపడి వీడియో తీయించాడు. అప్పటి పెళ్ళి వీడియోలు చూసినవాళ్ళకి తెలుసు, పెళ్ళికొడుకు కారు దిగిన దగ్గర్నుంచి అన్నిటి మీదా సినిమా పాటలు అంటించేసేవారు. మంత్రాలూ వినిపించవు, మనుషుల మాటలూ వినిపించవు. అప్పగింతల దగ్గర మాత్రం అత్త పాడింది. సొంత కూతురిని పంపిస్తూ ఆ పాట పాడటం ఎవరివల్లా కాదని అందరూ అన్నా ఆవిడ ఊరుకోలేదు. కంట నీరు లేకుండా, గొంతు వణక్కుండా చివరిదాకా పాడింది. అందుకని మావ స్టూడియోవాడి దగ్గరికి స్వయంగా వెళ్ళి, అక్కడ సినిమా పాట పెట్టొద్దు, అసలు గొంతే ఉంచమని చెప్పి వచ్చాడు. నోరు విప్పని మావ అంత దూరం వెళ్ళి ఆ మాట చెప్పాడంటే మేం ఆశ్చర్యపోయాం. అలా పద్మ పెళ్ళి సీడీల్లో రెండోదాంట్లో అత్త గొంతు ఉండిపోయింది.

పెళ్ళైన మరుసటి ఏడాదికి అత్త గొంతు బొంగురుపోయింది. పెళ్ళిళ్ళ సీజను కదా, అరిచి అరిచి అలసిపోయిందనుకున్నాం. మిరియాల కషాయం, పటికబెల్లం, ఎవరేం చెప్తే అది. తగ్గలేదు. చివరికి విశాఖపట్నం తీసుకెళ్తే గొంతులో పుండు మంచిది కాదని, స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదని చెప్పారు. తీసేశారు. మనిషి దక్కింది. మెడ కింద ఊపిరి తీసుకోవడానికి చిన్న రంధ్రం, దాని మీద పల్చటి తెల్లగుడ్డ. గుసగుసగా కూడా మాట్లాడలేదు. నవ్వితే భుజాలు కదిలేవి, శబ్దం ఉండేది కాదు. పిలవాలంటే చప్పట్లు కొట్టేది, లేకపోతే గరిటెతో స్టీలు గ్లాసు మీద కొట్టేది. ముఖ్యమైన మాటైతే నేను బడి నుంచి తెచ్చి ఇచ్చిన పలక మీద రాసేది. అన్నిటికన్నా కష్టం ఇంకొకటి. ఆ రంధ్రంలోకి దుమ్ము పోకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. పాలిష్ షెడ్డులో గాలి నిండా ఇత్తడి పొడి, గుడ్డ నూగు. అత్త ఇంక ఆ గుమ్మంలో కూర్చోవడానికి లేదు. పీట తెచ్చి వంటింట్లో వేసుకుంది. మావ షెడ్డులో, అత్త వంటింట్లో. మధ్యలో పెరడు. నేను బడి నుంచి వచ్చేసరికి మోటారు రొద ఒక్కటే వినిపించేది.

సాయంత్రం అత్త గుడికి వెళ్ళడం మాత్రం మానలేదు. పాడలేకపోయినా హారతి వేళకి వెళ్ళి నిలబడేది. ఆ సమయానికి నేను ఒక్కోరోజు ఇంటికొచ్చేదాన్ని. ముందుగదిలోంచి అత్త గొంతు వినిపించేది. మొదటిరోజు నిజంగానే నా చేతిలో పుస్తకాల సంచి జారిపోయింది. లోపలికెళ్తే మావ టీవీ ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే కట్టేశాడు. "ఏటో, పద్మని సూద్దామని పెట్టినాను" అన్నాడు. అప్పటినుంచి నేను చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ వచ్చేదాన్ని, ఆయనకి కట్టేసుకునే వ్యవధి ఉంటుందని. ఆ సీడీని ఆయన కవరులో పెట్టేవాడు కాదు. టీవీ మీద అలాగే ఉంచేసేవాడు, రేపు మళ్ళీ తీయాలి కదా అని. షెడ్డులోంచి నేరుగా వచ్చిన చేతులు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో పాలిష్ పొడి ఉండే చేతులు. ఆ చేతుల్తోనే ప్రతిరోజూ తుడిచి పెట్టేవాడు. ఇత్తడిని అరగదీసే పొడి ప్లాస్టిక్కుని ఊరుకుంటుందా!

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. గుళ్ళో హారతి పూర్తికాకముందే అత్త తడిసి ముద్దై వెనక్కి వచ్చేసింది. నేను అప్పుడే వచ్చి తల తుడుచుకుంటున్నాను. మావ వాన చప్పుడులో మమ్మల్నెవరినీ గమనించలేదు. టీవీలో పాట నడుస్తోంది. ఉన్నట్టుండి బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగింది. అత్త గొంతు ఒక అక్షరం దగ్గర ఇరుక్కుని, ముందుకీ పోక వెనక్కీ పోక, అదే అదే అంటోంది. మావ కంగారుగా లేచి, ప్లేయరు మీటలు నొక్కుతూ, దాన్ని తడుతూ ఉన్నాడు. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చీర కొంగుతో మెడ మీది గుడ్డని అదిమిపట్టుకుని, కొట్టుకుంటున్న తన గొంతుని తనే వింటోంది. తర్వాత నెమ్మదిగా నడిచివచ్చి టీవీ కట్టేసింది. సీడీ తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చి పలక మీద రాసి మావ ముందు పెట్టింది.

"నాను సచ్చిపోనానా?" అని రాసి ఉంది.

మావ ఆ పలకని చూస్తూ ఉండిపోయాడు. వానలోనే షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నేను అత్త తల తుడుస్తుంటే ఆవిడ పలక అందుకుని, చెరిపి, ఈసారి నాకోసం రాసింది. "ఆ మడిసికి నా పాట గావాల. నాను అక్కర్నేదు." ఆవిడ రాసినదే నిజమేమోనని నాకూ అనిపించింది.

స్టూడియోవాడి దగ్గర ఇంకో కాపీ ఉందేమోనని నేను వెళ్ళి అడిగాను. ఆ టేపు మీద ఎప్పుడో ఇంకో పెళ్ళి ఎక్కించేశాడట. మగపెళ్ళివారి దగ్గరున్న సీడీల్లో మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలే. అంటే ఉన్నది అదొక్కటే. అదీ అత్త దాచేసింది, ఎక్కడో చెప్పదు.

మావ సీడీ ఇమ్మని అడగలేదు. మర్నాడు బజారులో సీడీలు అద్దెకిచ్చే రాజు కొట్టుకి వెళ్ళి, గీతలు పడి పనికిరానివి ఒక సంచీ నిండా అడిగి తెచ్చుకున్నాడు. "ఏం సేస్తావు మావా ఈటితో?" అన్నాను. "ఇత్తడి మీద గీత పోతాది. అద్దం మీద గీత పోతాది. ఇది ఎందుకు పోదో సూద్దామని" అన్నాడు. అంత పెద్ద మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

మొదటి సీడీని తిన్నగా మోటారు చక్రానికి ఆనించాడు. ఆ వేగానికి వేడెక్కి, పాలు ఒలికినట్టు తెల్లబడి, కాలిన దువ్వెన వాసన వేసింది. రెండోది చేతిలోంచి ఎగిరి రేకుల కప్పుకి తగిలి ముక్కలైంది. పెరట్లో కోళ్ళు పక్కింట్లోకి పారిపోయాయి. ఆ తర్వాత డ్రిల్లు మిషనుకి సీడీనే బిగించి, అది తిరుగుతుంటే సన్న గరుకు కాగితం పట్టాడు. చూడటానికి నున్నగా వచ్చింది గానీ రాజు కొట్టులో పెడితే అసలు తిరగనే లేదు, ముందు కాస్తో కూస్తో ఆడినదీ పోయింది. వినేవాళ్ళందరూ తలో మాటా చెప్పారు. పళ్ళ పేస్టు రుద్దమని ఒకరు, కొబ్బరినూనె రాయమని ఒకరు, అరటిపండు తొక్కతో తుడవమని ఇంకొకరు. మావ అన్నీ చేశాడు. మా ముందుగది కొన్నాళ్ళు పిల్లల హాస్టల్లా వాసన వేసింది.

ఒకరోజు అన్నం తింటూ తింటూ మావ కంచంలో వేలుతో గుండ్రంగా గీత గీశాడు. "దాని లోపట దారి ఇలగ గుండ్రంగా ఉంటాది గావాల. మనం కూడా గుండ్రంగా గీసీసినామంటే దారి పొడుగునా గొయ్యి తవ్వినట్టే. అడ్డంగా గీస్తే దాటీసుకోని ఎలిపోతాది" అన్నాడు. నాతో అన్నాడో, అత్తతో అన్నాడో, కంచంతో అన్నాడో తెలీదు. అత్త వడ్డన ఆపి కాసేపు ఆ కంచం వైపు చూసింది.

అప్పట్నుంచి పద్ధతి మారింది. హైవే మీద లారీలకి రంగులు వేసేవాళ్ళ దగ్గర నీళ్ళలో తడిపి రుద్దే కాగితం తెచ్చాడు, ఉన్నవాటిలో అన్నిటికన్నా నున్నటిది. బేసిన్లో నీళ్ళు పోసి, అందులో కాగితం ముంచి, సీడీ నడిమి నుంచి అంచుకి, నడిమి నుంచి అంచుకి, చేత్తోనే రుద్దేవాడు. అది అయ్యాక గుడ్డ చక్రం మీద తెల్ల కడ్డీతో మెరుగు పెట్టాలి. కానీ మోటారు వేగానికి మళ్ళీ వేడెక్కిపోతోంది. వేగం మన చేతిలో ఉండే చక్రం కావాలి. ఇంట్లో పద్మ నేర్చుకున్న పాత కుట్టుమిషను మూల పడి ఉంది. మావ దాని తల ఊడదీసి, బల్ల మీద చిన్న ఇరుసు బిగించి, మెత్తని మల్లు గుడ్డతో కొత్త చక్రం చేసి, కింద తొక్కుడు చక్రం నుంచి దీనికి తోలు పటకా వేశాడు. నెమ్మదిగా తొక్కితే నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని షెడ్డులో పెట్టకుండా వెనక వసారాలో పెట్టాడు. ఇత్తడి పొడి వీటి మీద పడితే మళ్ళీ గీతలే కదా అని. ఇదంతా తడిపని. దుమ్ము లేదు.

ఇంకో చిక్కు వచ్చింది. తొక్కుతూ, కడ్డీ రాస్తూ, రెండు చేతులా సీడీ పట్టుకోవాలంటే కుదరడం లేదు. కాలు కుదిరితే చెయ్యి కుదరదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బడి పుస్తకాలు దిద్దుకుంటూ వసారాలోనే ఉన్నాను. వంటింటి గుమ్మంలోంచి అత్త చూస్తోంది. ఎంతసేపు చూసిందో, చేతిలో గరిటె పక్కన పెట్టి, పీట తెచ్చుకుని మిషను ముందు వేసింది. మావని భుజం పట్టి పక్కకి జరిపింది. కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. మావ సీడీ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చక్రం మాత్రం చక్కగా తిరిగింది.

ఆ రోజు బాగుచేసిన భక్తిపాటల సీడీ రాజు కొట్టులో మొదటినుంచి చివరిదాకా ఆగకుండా ఆడింది. రాజు దాన్ని పట్టుకుని ఇంటికే వచ్చేశాడు చెప్పడానికి. ఆ వారంలోనే వీధివాళ్ళు వాళ్ళ వాళ్ళ సీడీలు తేవడం మొదలుపెట్టారు. బారసాలలు, పెళ్ళిళ్ళు, పిల్లలు చూసే బొమ్మల సినిమాలు. వచ్చినవాళ్ళతో మాట్లాడాల్సింది మావే. మొదట్లో తడబడేవాడు. తప్పుగా చెప్తే అత్త గ్లాసు మీద గరిటెతో టింగుమని కొట్టేది. ఆయన తిరిగి చూసి, ఆవిడ చేతి సైగ చదివి, సరిదిద్దుకునేవాడు. అలా అలవాటైంది. మరి పని చేసేటప్పుడు, మోటారు రొద లేదు, ఎదురుగా అత్త ఉంది, ఇద్దరి మధ్యా మూరెడు ఎడం. ఆ నిశ్శబ్దం మావ భరించలేకపోయాడనుకుంటాను. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి వసారాలో మావ గొంతు వినిపిస్తోంది. ఎవరో వచ్చారనుకున్నాను. ఎవరూ లేరు. "... అంతలో ఆ పూజారి కోడలు ఎదురొచ్చినాది. ఏటమ్మా అంటే ఏటీ నేదు అంటాది, మొకం సూస్తే సింతపండు తిన్నట్టున్నాది" అని చెబుతున్నాడు. అత్త తొక్కుతూ వింటోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

ఆ రోజుల్లోనే ఒక ముసలాయన జలుమూరు వైపు నుంచి ఒక సీడీ తెచ్చాడు. మావ దాన్ని ఎండకేసి పట్టుకుని చూశాడు. బొమ్మ వేసి ఉండే పైవైపు రేకు లేచిపోయి, సన్నటి చుక్కలుగా వెలుగు ఇవతలికి పడుతోంది. "ఇది నావల్ల కాదు తాతా. అడుగున గీత పడితే తీయగలను. ఎనకాల రేకు లేచిపోతే ఇంక అందులో ఏటీ ఉండదు" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక మావ ఇంకే పనీ చెయ్యలేదు. ఆయన దేని గురించి ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. అత్తకీ తెలిసే ఉంటుంది. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే ఆవిడ గుడికి కట్టుకునే పట్టుచీర మడతల్లోంచి దాచేసిన ఆ పెళ్ళి సీడీ తీసుకొచ్చి బేసిను పక్కన పెట్టింది.

మావ దాన్ని ముట్టుకోలేదు. కాసేపటికి అంచులు పట్టుకుని ఎండకేసి ఎత్తాడు. నేనూ వెనకనుంచి చూశాను. వెలుగు ఎక్కడా ఇవతలికి రాలేదు. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. తిప్పి అడుగువైపు చూస్తే మాత్రం ఆయన రోజూ తుడిచిన గుర్తులన్నీ ఉన్నాయి, వేళ్ళు తిరిగినట్టే గుండ్రంగా. "నాను సెయ్యను" అన్నాడు. "పాడైపోతే మరి తిరిగి రాదు. ఇలగే ఉండనీ."

అత్త పలక కోసం చూడలేదు. తనే సీడీని నీళ్ళలో ముంచి, కాగితం ఆయన చేతిలో పెట్టి, సీడీ అంచుల్ని తన రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుని ఆయన ముందు చాపింది. ఇంక ఆయన కాదనలేకపోయాడు. నడిమి నుంచి అంచుకి. నడిమి నుంచి అంచుకి. నేను నీళ్ళు మారుస్తూ ఉన్నాను. గీతలు పోయి పొగమంచు పట్టినట్టు మసకబారాక, అత్త వెళ్ళి మిషను దగ్గర కూర్చుంది. మెల్లగా, ఎన్నడూ లేనంత మెల్లగా తొక్కింది. మసకలోంచి నెమ్మదిగా మెరుపు బయటికొచ్చింది. చివరికి దాంట్లో మావ ముఖం కనిపించింది, హారతి పళ్ళెంలో కనిపించినట్టు.

ముందుగదిలో ముగ్గురం నేల మీద కూర్చున్నాం. పెట్టాం. ప్లేయరు కాసేపు గొణిగింది. బొమ్మ వచ్చింది. సినిమా పాటలు, వడ్డనలు, ఫోటోలు. అప్పగింతలు వచ్చాయి. అత్త పాట మొదలైంది. ఇరుక్కున్న ఆ అక్షరం దగ్గరికి వచ్చేసరికి నేను కళ్ళు మూసుకున్నాను. దాటేసింది. ఆ తర్వాత ఒకచోట బొమ్మ విరిగి ఒక చరణం ఎగిరిపోయింది గానీ, మళ్ళీ అందుకుని చివరిదాకా పాడింది. నేను ఏడ్చేశాను. అత్త తన గొంతుని తను వింటూ, ఎవరిదో పాట విన్నట్టు, తల ఆడిస్తూ తాళం వేసింది.

పాట అయిపోయింది. మావ రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాడు. మళ్ళీ పాట వినాలనుకుంటున్నాడు అనుకున్నాం. ఆయన పాట దాటి ఇంకా వెనక్కి వెళ్ళాడు. అప్పగింతలకి ముందు, స్టూడియోవాడు సినిమా పాట ఆపేశాక, అత్త పాట అందుకునే లోపల, కాస్త ఎడం ఉంది. అందులో గోల. జనం సర్దుకుంటున్నారు. ఆ గోలలోంచి అత్త గొంతు కంచులా వచ్చింది.

"ఈ మడిసి ఎక్కడికి ఎలిపోనాడు? ఓయ్, నిన్నే! పిల్లని అప్పగించాల, బుజం మీద కండువా నేకండా అలగ నిలబడిపోనావేటి? రా, బేగి రా! నాను సెప్పకపోతే ఈ మడిసికి అన్నం తినాలన్న సంగతి కూడా గురుతుండదు!"

మావ ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే తిట్టు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "రోజూ నాను యిన్నది ఇదే" అన్నాడు. "పాట కోసం కాదు. పాట ఊరందరికీ పాడినాది. ఇది నాకు."

అత్త ఆయన వైపు తిరిగి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది, గట్టిగా. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా అక్కడే నిలబడ్డాను.

ఆ సీడీని శ్రీకాకుళం పట్టుకెళ్ళి కంప్యూటరు సెంటరులో మూడు నాలుగు కాపీలు తీయించాను. విచిత్రం ఏమిటంటే ఆ తర్వాత మావ దాన్ని పెట్టడం మానేశాడు. పద్మ వచ్చినప్పుడు పిల్లలకి చూపించడమే. అవసరం లేకపోయింది. ఆ సీడీల పని కూడా ఎక్కువకాలం సాగలేదు, చూస్తుండగానే జనం సీడీలే మానేశారు, రాజు కొట్టు ఫోన్ల రీచార్జి కొట్టయింది. కానీ వసారాలో ఆ కుట్టుమిషను చక్రం మాత్రం తీయలేదు. చిన్న చిన్న కుంకుమ భరిణెలు, ప్రమిదలు తడి పాలిష్‌తో దాని మీదే చేసేవారు. అత్త తొక్కేది, మావ పట్టుకునేవాడు, మాట్లాడేవాడు. నాకు పెళ్ళై శ్రీకాకుళం వచ్చేశాను. ఎప్పుడు వెళ్ళినా సందు మలుపులో వినిపించేది మావ గొంతే. ఇంత మాట్లాడే మనిషి అన్నేళ్ళు ఎలా ఊరుకున్నాడా అనిపించేది. అత్త అలా చాలా ఏళ్ళు బతికింది. పోయినప్పుడు కూడా బాధపడకుండా, నిద్రలో పోయింది.

ఇప్పుడు నా ఫోనులో ఎన్ని గొంతులున్నాయో నాకే తెలీదు. మా అబ్బాయి పంపిన మాటలు, చెల్లెలి కూతురి పద్యాలు, పెళ్ళిళ్ళ వీడియోలు. జాగా నిండిందని ఫోను చెప్తే వరసగా చెరిపేస్తూ ఉంటాను, సగం వినకుండానే. గొంతు పోగొట్టుకోవడం ఇప్పుడు కష్టమైన పని. ఆ రోజుల్లో ఒక్క సీడీలో ఒక్క తిట్టు కోసం మనిషి అన్ని నెలలు నీళ్ళలో చేతులు నానబెట్టుకున్నాడు. ఇది మంచిదా అది మంచిదా అంటే నేను చెప్పలేను. ఇన్ని గొంతులు దాచుకోగలిగే రోజుల్లో అత్త ఉండి ఉంటే, ఆవిడ మాటలన్నీ ఉండేవి కదా అనిపిస్తుంది. మావ అప్పుడు ఆ వసారాలో నోరు విప్పేవాడా అని కూడా అనిపిస్తుంది.

బస్సులో ఆ సీడీలు చూసిన తర్వాతి ఆదివారం మావ కోసమే మళ్ళీ రాజాం వెళ్ళాను. మావ ఇప్పుడు పద్మ దగ్గరే ఉంటున్నాడు. బాగా పెద్దవాడైపోయాడు గానీ కళ్ళూ చెవులూ బాగానే పనిచేస్తున్నాయి. పద్మ కొడుకు ఆ పాత సీడీలోది తీసి తాత ఫోనులో ఎక్కించాడట. వేలితో తాకితే చాలు. "యింటన్నావా మావా, అత్త తిట్టేది?" అన్నాను.

"నేదే సత్తీ" అన్నాడు. "ఎందుకో యినబుద్ది కాదు. అప్పుడు దాని మాట నేకపోయేసరికి పిచ్చెక్కి యిన్నాను. ఆ తరవాత మరి అన్నేళ్ళూ నానే మాటాడినాను. అది యినీది. పని ఒగ్గీసి, నా మొకంలోకి సూస్తా యినీది. నాకు ఇప్పుడు గావలసింది అది."

చేతిలో ఫోను మంచం మీద పెట్టాడు.

"మాటంటే సీడీలోకి ఎక్కుతాది. యినడం ఎందులోకి ఎక్కుతాది సెప్పు?"

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ళ గురించి మొదలుపెట్టాడు.